ఐదు తువ్వాళ్ళు, ఒక కదలని కారు

ఇంటికొక స్టార్ట్ కాని కారు ఉండి తీరాలి. లేనివాళ్ళకి పురపాలక సంఘమే ఒకటి చొప్పున ఇప్పించాలి. నేను తమాషాకి అనడం లేదు. నలభై ఏళ్ళు హైస్కూల్లో భూగోళం చెప్పినవాణ్ణి, తమాషాలు నాకు చేతకావు.

మీరే ఆలోచించండి. కదలని కారు ఎవరినైనా గుద్దిందా? పార్కింగ్ కోసం స్టేషను చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయించిందా? ఈ కాలపు కార్లు ఊరుకుంటాయా! బెల్టు పెట్టుకో అంటాయి, నిద్రొస్తోందా అంటాయి, తలుపు సరిగ్గా పడలేదని సణుగుతాయి. కదలని కారు మాత్రం మన గురించి ఒక్క మాటా అనదు. అంత మర్యాద గలది జపానులోని మా ఈదా పట్నంలోనే ఇంకొకటి లేదు. ఇక్కడ మర్యాదకి కరువు లేదని మీకు తెలుసు.

నా డ్రైవింగ్ లైసెన్సు మీద బంగారు గీత ఉంది. ఏళ్ళ తరబడి ఒక్క తప్పూ చేయనందుకు పోలీసువారు మెచ్చి ఇచ్చారు. తప్పెలా చేస్తాను? నడిపితేగా!

మా ఇంట్లో కారు నడిపింది మా ఆవిడ అత్సుకో. నేను పక్క సీట్లో మ్యాపు పట్టుకుని కూర్చునేవాణ్ణి. భూగోళం మాస్టారిని కదా, ఎడమకి తిరగాల్సిన చోట కుడికి అనేవాణ్ణి. ఆవిడ నా మాట వినకుండా ఎడమకే తిప్పేది. అలా ఎక్కడికీ ఆలస్యం కాకుండా చేరుకునేవాళ్ళం.

కారు 1971లో పుట్టింది. ఆవపిండి రంగు, గుండ్రటి లైట్లు, రెండే తలుపులు. అత్సుకో పోయాక షెడ్డులో కవరు కప్పాను. పన్నెండేళ్ళు ఎత్తి చూడలేదు.

ఈ నవంబరులో ఆవిడ పదమూడో ఏటి తద్దినం రావాల్సి ఉంది. ఆవిడ సమాధి ఉన్న గుడి కొండ మీద ఉంది. ఆవిడ దగ్గరికి ఆవిడ కారులోనే వెళ్ళాలని నాకు బుద్ధి పుట్టింది. మెకానిక్ నిషివాకి గారిని పిలిచాను. ఎనభై దగ్గర పడి, పని మానేసి, తోటలో ముల్లంగి పెంచుకుంటున్న మనిషి. బానెట్ ఎత్తి వాసన చూశారు. ఎయిర్ ఫిల్టర్లోంచి ఎలక గూడు తీసి, బాణలిలోంచి గారె తీసినట్టు జాగ్రత్తగా పక్కన పెట్టారు.

"మూడు ఆదివారాలు ఇస్తాను మాస్టారూ. మూడోనాటికి ఇంజను పలికిందా, మిగతా రిపేర్లూ సర్కారు తనిఖీ నేను చూసుకుంటా. పలకలేదా, తుక్కు లారీని పిలుస్తా. మీరు వద్దనకూడదు. పన్నెండేళ్ళు దీన్ని చావనివ్వలేదు, బతకనివ్వలేదు. ఇక చాలు."

ఒప్పుకున్నాను. లారీవాడి ఫోన్ నంబరు రాసి షెడ్డు గోడకి మేకు కొట్టి మరీ వెళ్ళారు.

మా వైపు చప్పుడయ్యే పని ఏది తలపెట్టినా ఎదురు మూడిళ్ళకీ, పక్క రెండిళ్ళకీ ముందుగా వెళ్ళి క్షమాపణ చెప్పుకోవాలి. చేతిలో చిన్న కానుక ఉండాలి. నేను కాగితంలో చుట్టిన ఐదు తెల్ల తువ్వాళ్ళు పట్టుకుని శనివారం గడప గడపా తిరిగాను. "రేపు పదింటికి కారు స్టార్ట్ చేస్తాం. పొగ వస్తుంది, చప్పుడు వస్తుంది. మీకు ఇబ్బంది, మన్నించాలి" అని నడుం విరిగేలా వంగాను. వాళ్ళూ వంగారు.

ఆదివారం పదయ్యేసరికి వీధి సిద్ధం! కిటికీలు మూసేశారు. ఆరేసిన బట్టలు లోపలికి తీసేశారు. ఒకింటివాళ్ళు పసిబిడ్డను అమ్మమ్మగారింటికి పంపేశారు. బ్రెడ్ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే త్సుకుదా అనే కుర్రవాడు ఎలాగూ లేపుతారు కదా అని నిద్రే పోలేదు.

కీ తిప్పాం. కిర్ర్... కిర్ర్... అంతే. స్పార్కు లేదు. లోపల స్పార్కు పుట్టించే పాయింట్లు తుప్పు పట్టాయి.

పదకొండింటికి ఎదురింటి హతానో గారు వచ్చారు. డెబ్బై తొమ్మిదేళ్ళ వితంతువు, చీమ నడిచినా వినగలరు.

"మాస్టారూ, చప్పుడు ఎప్పుడండీ? కిటికీలు తెరుచుకోవచ్చా?"

నాకు తల కొట్టేసినట్టయింది. చప్పుడు చేస్తానని ఐదిళ్ళవాళ్ళకి మాటిచ్చి నిశ్శబ్దంగా ఉండిపోయాను! ఇంతకంటే అమర్యాద ఉంటుందా? కనుక సాయంత్రం ఇంకో ఐదు తువ్వాళ్ళతో వెళ్ళి, చప్పుడు చేయనందుకు క్షమాపణ చెప్పుకున్నాను.

ఇప్పుడు వాళ్ళ ఇరకాటం చూడండి. పడని ఇబ్బందికి రెండేసి తువ్వాళ్ళు పుచ్చుకున్నారు. అప్పనంగా ఎలా ఉంచుకుంటారు? హతానో గారు ఆవాకు ఊరగాయ పంపారు. త్సుకుదా వేడి వేడి బ్రెడ్డు పట్టుకొచ్చాడు. ఇంకొకరు ఎండబెట్టిన పండ్లు. వాటికి బదులుగా నేను ఆపిల్స్ పంపాను. ఆపిల్స్‌కి బదులుగా నాకు మళ్ళీ ఊరగాయ వచ్చింది. ఇంటింటికీ తిరిగే నోటీసు పలకలో చెత్త తీసే రోజుల కింద ఎవరో చక్కటి దస్తూరీతో రాశారు: "మాస్టారు గారి చప్పుడు వచ్చే ఆదివారానికి వాయిదా." ఐదిళ్ళవాళ్ళూ చదివినట్టు ముద్ర వేశారు.

చెప్పండి, స్టార్ట్ అయిన కారుకి ఇంత గౌరవం ఎక్కడైనా జరుగుతుందా?

రెండో ఆదివారం ఎవరూ కిటికీలు మూసుకోలేదు. ఎలాగూ ఇబ్బంది పడాలి, దగ్గరుండే పడదామని మడత కుర్చీలు తెచ్చుకున్నారు. ఈసారి స్పార్కు వచ్చింది, పెట్రోలు రాలేదు. పన్నెండేళ్ళ నాటి పెట్రోలు అరిసెల పాకంలా ముదిరి కార్బురేటర్ రంధ్రాలన్నీ మూసేసింది. నిషివాకి గారు దాన్ని విప్పి ఒక్కో ముక్కా ట్రేలో పరిచారు. త్సుకుదా టార్చి పట్టుకున్నాడు.

"టార్చి ముక్క మీద వెయ్యవయ్యా, నా ముక్కు మీద కాదు!"

"రెండూ నల్లగానే ఉన్నాయి తాతగారూ, తేడా తెలియడం లేదు!"

ఆ నవ్వుల్లో హతానో గారు నా కప్పులో టీ పోస్తూ అడిగారు. "మాస్టారూ, మీరు రేడియో పెట్టడం ఎందుకు మానేశారు?"

"మీకు ఇబ్బందని. పెట్టగానే మీరు కిటికీ తీసేవారు. విసుక్కుంటున్నారనుకున్నాను."

"అయ్యో! మా ఆయన పోయాక ఇంట్లో మనిషి గొంతు లేక, ఆ రేడియో వినడానికేనండీ నేను కిటికీ తీసింది! మీరు ఆపేశాక రోజూ రాత్రి మీ దీపం వెలిగిందా లేదా అని చూసి పడుకునేదాన్ని."

"తలుపు తట్టి ఒక్క మాట చెప్పకపోయారా?"

"మీకు ఇబ్బందేమోనని."

ఇద్దరం టీ తాగాం. టీ బాగుంది.

మూడో ఆదివారం గోడ మీది లారీ నంబరు కేసి చూడకుండా కారెక్కాను. కీ నేనే తిప్పాలని నిషివాకి గారి పట్టు. మోకాళ్ళు స్టీరింగుకి కొట్టుకున్నాయి.

"సీటు వెనక్కి జరపండి మాస్టారూ!"

"వద్దులెండి."

"మోకాళ్ళు చెవులకి తగులుతున్నాయి!"

"తగలనివ్వండి."

అత్సుకో పొట్టిది. సీటు ఆవిడ ఉంచిన చోటే ఉంది.

మొదటిసారి కిర్రుమంది. రెండోసారి దగ్గింది. నిషివాకి గారు టోపీ తీసేసి చేత్తో పట్టుకున్నారు, చావింట్లో నిలబడ్డట్టు. మూడోసారి ఢామ్మని పేలింది! వెనక నుంచి నల్లటి మబ్బు లేచి సరాసరి వీధి దాటింది. నా చప్పుడు మీద నమ్మకం పోయి హతానో గారు ఆ పూట దుప్పటి ఆరేశారు. అది క్షణంలో బొగ్గు రంగుకి తిరిగింది. పసిబిడ్డ కేరుమంది, కుక్కలు మొరిగాయి, త్సుకుదా గంతులేశాడు. హతానో గారు ఆ దుప్పటినే జెండాలా ఊపారు. మా వీధి పుట్టిన నాటి నుంచి అంత రభస జరిగి ఉండదు.

కారు తనిఖీ నెగ్గింది. తద్దినం నాడు కొండెక్కాను, రెండో గేరులో, సైకిళ్ళకి దారి ఇస్తూ. మ్యాపు పక్క సీట్లో పెట్టాను. ఎడమకి తిరగాల్సిన చోట కుడికి తిరిగాను. దిద్దేవాళ్ళు లేరు కదా. పూజకి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది.

అంతా సుఖంగా ముగిసింది. ఇక్కడే వచ్చింది చిక్కు.

మరుసటి ఆదివారం పదింటికి షెడ్డు తలుపు తీసుకుని నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? చప్పుడు అయిపోయింది, ఊరగాయ చెల్లిపోయింది. ఎవరికి ఎవరూ ఏమీ బాకీ లేరు. త్సుకుదా దూరం నుంచే వంగి దణ్ణం పెట్టి, నాకు ఇబ్బంది కలగకుండా పిల్లిలా వెళ్ళిపోయాడు. నేనూ వంగాను.

నా భార్య పోయాక పన్నెండేళ్ళ పాటు ఈ వీధి నన్ను ఇలాగే గౌరవించింది. ఎవరూ తలుపు తట్టలేదు. అంత మంచివాళ్ళు! నేనూ తట్టలేదు. నేనూ అంత మంచివాణ్ణే. ఒకరినొకరం నొప్పించకుండా ఉండటంలో అందరం బంగారు గీత సంపాదించుకున్నాం. ఎందుకంటే ఎవరమూ బండి బయటికి తీయలేదు.

అందుచేత అయ్యా, నిన్న శనివారం ఐదు కొత్త తువ్వాళ్ళు కొన్నాను. కారు హారన్ పలకడం లేదు. తనిఖీలో బాగానే మోగింది. తర్వాత ఒక తీగ ఊడింది. ఎలా ఊడిందని మాత్రం అడక్కండి.

"రేపు పదింటికి హారన్ సరిచేస్తాం. చాలా సేపు మోగించాల్సి వస్తుంది. మన్నించాలి" అని హతానో గారి గడపలో వంగాను.

ఆవిడ తువ్వాలు రెండు చేతులా అందుకుని, ముఖం గంభీరంగా పెట్టారు. "చాలా ఇబ్బందేనండీ. కుర్చీలు ఎన్ని తెమ్మంటారు?"

హారన్ తర్వాత వైపర్లు. ఆ తర్వాత సంగతి ఆలోచించలేదు. పాతకాలపు కారు కదా, బుద్ధుడి దయవల్ల పాడవడానికి ఇంకా బోలెడన్ని భాగాలున్నాయి.