డమ్మీ బొమ్మకు పూలదండ

ఆ రోజు రామతులసికి ఉన్న పని ఒక్కటే. తబిత మేడం ముందు నిలబడి ఒక వాక్యం చెప్పాలి. "మేడం, పుస్తకం చివర నా పేరు కూడా వేయండి." ఈ వాక్యాన్ని ఆమె పళ్ళు తోముకుంటూ చెప్పుకుంది, బస్సులో కిటికీ అద్దానికి చెప్పింది, ధవళేశ్వరం దాటాక ఒళ్ళో అరటి గెల పెట్టుకుని పక్కన కూర్చున్న పెద్దాయనకి వినపడేంత గట్టిగా కూడా చెప్పేసింది. ఆయన ఇటు తిరిగి, "ఏ పుస్తకం అమ్మా?" అన్నాడు. రామతులసి రాజమండ్రి దాకా మళ్ళీ నోరు తెరవలేదు.

ఆమెది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. ఊరి బడిలో చదువుకుని, డిగ్రీలో డిజైన్ కోర్సు తీసుకుని, వేసవి సెలవుల్లో రాజమండ్రిలోని ఒక చిత్రకళా మ్యూజియంలో ఇంటర్న్‌షిప్‌కి కుదిరింది. వీరబ్రహ్మం అనే చిత్రకారుడు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన బొమ్మలతో మ్యూజియం వాళ్ళు ఈ ఆదివారం ప్రదర్శన మొదలుపెడుతున్నారు. దానికో పుస్తకం, బయట గోడ మీదకో ఫ్లెక్సీ కావాలి. ఆ రెండూ తబిత మేడం పని. ఆమె పక్కన కూర్చుని, బొమ్మ ఎక్కడ ఆగాలో, అక్షరం ఎక్కడ మొదలవ్వాలో, మధ్యలో ఖాళీ ఎంత ఉండాలో చూసి పేజీలు పేర్చడం రామతులసి పని. పుస్తకం చివరి పేజీలో పనిచేసినవాళ్ళ పేర్లు ఉంటాయి. "ఇంటర్న్‌ల పేర్లు మామూలుగా వేయం. అడిగినవాళ్ళవి వేస్తాం," అని తబిత మేడం మొదటిరోజే చెప్పింది. అప్పటినుంచీ రామతులసి అడగబోతూనే ఉంది. ఇవాళ శుక్రవారం. సాయంత్రం పుస్తకం అచ్చుకి వెళ్ళిపోతుంది.

బస్సు దిగి, సందు మలుపు తిరిగి, మ్యూజియం గోడ చూసి ఆమె ఉన్నచోటే ఆగిపోయింది. గోడ మీద రెండంతస్తుల ఎత్తున ఆమె మామ్మ పాపాయమ్మ ఉంది. నలుపు తెలుపులో, నేరుగా రోడ్డుకేసి చూస్తూ. మెడలో ఎర్ర గులాబీల దండ. ఇటొక దీపం, అటొక దీపం.

జరిగింది ఇదీ. ఫ్లెక్సీ మీదా, పుస్తకం అట్ట మీదా రావలసింది వీరబ్రహ్మంగారు బొగ్గుతో గీసిన ఒక ముసలావిడ ముఖం. ఆ బొమ్మ శుభ్రం చేయించడానికి హైదరాబాదు వెళ్ళింది, దాని ఫోటో ఇంకా రాలేదు. "వచ్చేదాకా అదే సైజులో ఏదో ఒక ముఖం పెట్టి లేఅవుట్ కానివ్వు. డమ్మీయే కదా," అని చెప్పి తబిత మేడం శుక్రవారం వస్తానని సెలవు మీద వెళ్ళింది. రామతులసి ఫోన్‌లో ఉన్న ముసలి ముఖం ఒక్కటే. అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ, "ఏంటే ఆ ఫోను" అని మామ్మ తలెత్తినప్పుడు తీసినది. దాన్ని నలుపు తెలుపు చేసి, ముడతలు తేలేలా వెలుగు సరిచేసి, పక్కన 'వీరబ్రహ్మం చిత్రాలు' అని, కింద ఆదివారం తేదీ వేసి 'అందరూ ఆహ్వానితులే' అని పేర్చింది. ఎంత బాగా కుదిరిందంటే, కాసేపు తన పనిని తానే చూసుకుంటూ కూర్చుంది. ఆ మురిపెంలో ఫైలుకి 'ఫైనల్' అని పేరు పెట్టింది.

ఆఫీసు పనులు చూసే సురేష్‌బాబు నిన్న సాయంత్రం ఆ పేరు చూశాడు. ఇప్పుడు ఫ్లెక్సీ కింద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎలా ఉందమ్మా? మన అబ్బులు ఫ్లెక్సీ షాపులో అప్పటికప్పుడు వేయించేశాను."

"అదీ... ఆ దండ..."

"దండ నువ్వు మర్చిపోయావంట. అబ్బులే గమనించి వేశాడు. దీపాలు కూడా అతనివే. మంచి మనిషి."

అబ్బులు తప్పేమీ లేదు. ఆ చుట్టుపక్కల నలుపు తెలుపు ముఖం పెట్టి, కింద తేదీ వేసి, అందరూ రండి అంటే దానికి ఒక్కటే అర్థం. అలాంటి ఫ్లెక్సీని దండ లేకుండా వేసిస్తే ఆ ఇంటివాళ్ళు ఊరుకోరు. 

"అది మా మామ్మండి" అనడానికి రామతులసి గొంతు సవరించుకునేలోపు డైరెక్టర్ ఉదయభాస్కర్‌గారి కారు వచ్చింది. ఆయన ఉద్యోగంలో చేరి నెలే అయింది. హైదరాబాదు వెళ్ళిన బొమ్మను ఆయన ఎప్పుడూ చూడలేదు. కారు దిగి, తల పైకెత్తి, అలాగే ఉండిపోయాడు.

"చూశారా సురేష్‌బాబూ, ఆ కంటి కింద గీత! బొగ్గు ముక్కతో అంత సన్నటి గీత లాగాలంటే ఎంత సాధన కావాలి? దండ, దీపాలు కూడా ఆయన గీసినవేనా?"

"అవి అబ్బులువండి."

"అబ్బులెవరు? శిష్యుడా?"

రామతులసి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. రామచంద్రపురంలో ఉండే బాబాయి శివరామకృష్ణ.

"తులసీ! అమ్మ పోయిందని నాకొక్క మాట చెప్పలేకపోయావా తల్లీ? వాట్సాప్‌లో చూసి తెలుసుకోవాల్సొచ్చిందే!"

"బాబాయ్, మామ్మ బావుందండి..."

"ఎక్కడున్నా బావుంటుందిలేమ్మా. పుణ్యాత్మురాలు." అవతల వెక్కిళ్ళు వినిపించాయి. "వస్తున్నాం. అందరం వస్తున్నాం." ఫోన్ పెట్టేశాడు. రామతులసి ఎన్నిసార్లు తిరిగి చేసినా లైను బిజీయే.

ఊరి నుంచి రాజమండ్రి వచ్చిన ఎవరో ఫ్లెక్సీని ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. పాపాయమ్మ నిన్ననే నిడదవోలులో కూతురు లోవలక్ష్మి ఇంటికి వెళ్ళింది. లోవలక్ష్మి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, తల్లిని వెంటబెట్టుకుని బజారుకెళ్ళింది. ఎవరు చేసినా ఎత్తలేదు. దాంతో ఊళ్ళోవాళ్ళు మిగతాది వాళ్ళే పూరించుకున్నారు. నిడదవోలులో ప్రాణం మీదికొచ్చిందనీ, రాజమండ్రి ఆసుపత్రికి తెచ్చారనీ, అక్కడ దక్కలేదనీ, మనవరాలు పూట తిరక్కుండానే ఫ్లెక్సీ కట్టించిందనీ.

ఎండ ఎక్కేసరికి మ్యూజియం ముందు రెండు వ్యాన్లు, బోలెడు ఆటోలు ఆగాయి. జనం దండలు పట్టుకుని దిగారు.

"ఆదివారమే పెద్దకార్యం అని వేశారు చూడండి. ఇంత తొందరగానా?"

"టౌన్లో అంతేనమ్మా. వాళ్ళకి అన్నీ తొందరే."

"మరి ఈ వీరబ్రహ్మం ఎవరు?"

"ఫ్లెక్సీ కట్టించినాయనై ఉంటాడు. పేరు ఎంత పెద్దగా వేసుకున్నాడో చూడు."

ఉదయభాస్కర్‌గారు కిటికీలోంచి ఆ జనాన్ని చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తన జీవితంలో ఏ ప్రదర్శనకీ ఇంతమంది రాలేదు. అదీ రెండురోజుల ముందే! "తలుపులు తీయండి!" అని కేక వేశాడు. జనం గుమ్మం ముందు చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి, గోడలకున్న బొమ్మల చుట్టూ కుడివైపు నుంచి ఒక ప్రదక్షిణ చేసి, పాపాయమ్మను ఎక్కడ పడుకోబెట్టారో తెలియక మధ్యలో నిలబడ్డారు. డైరెక్టర్‌గారు వాళ్ళకి ఎదురుగా వచ్చి చేతులు జోడించాడు.

"ఆ మహానుభావుడు మన మధ్య లేడు," అన్నాడు గద్గదంగా.

వెనకవరుసలో ఒకావిడ పక్కావిడ చెవిలో, "పాపాయమ్మ మొగుడి గురించే చెబుతున్నాడు. ఆయన పోయి ఎన్నేళ్ళయిందీ! ఈవిడ చావుకొచ్చి ఆయన్ని పొగుడుతాడేంటి?" అంది.

"ఆయన సంపాదించిన ఆస్తంతా ఇదిగో, ఈ గోడల మీదే ఉంది," అన్నాడు డైరెక్టర్.

శివరామకృష్ణ ఏడుపు ఆపాడు. "నాన్న ఆస్తా? ఈ బిల్డింగ్ మనదా?"

అప్పుడే సెలవు నుంచి వచ్చిన తబిత మేడం ఫ్లెక్సీ చూసి, జనాన్ని చూసి, గుమ్మంలో కొయ్యబారిపోయింది. రామతులసి గుంపును తోసుకుంటూ ఆమె వైపు వెళ్ళబోతుంటే, నలుగురు ఆడవాళ్ళు కావలించుకుని ఓదార్చారు. ఒకరి దగ్గర నుంచి విడిపించుకుంటే ఇంకొకరు. "ఏడవ్వే తల్లీ, గట్టిగా ఏడు. నోరు లేని పిల్ల, పాపం, మనసులోనే దాచుకుంటోంది."

అంతలో బయట ఆటో ఆగింది. బజారు నుంచి ఇంటికొచ్చి మిస్డ్ కాల్స్ చూసుకున్న లోవలక్ష్మి సంగతి తెలుసుకుని, తల్లిని రైలెక్కించి తీసుకొచ్చింది. పాపాయమ్మ లోపలికి నడిచి వచ్చింది. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఆవిడ సరాసరి కొడుకు దగ్గరికెళ్ళి భుజం తట్టింది.

"ఏరా శివరాముడూ, ఎవరి కోసంరా ఏడుపు?"

"నీ కోసమే అమ్మా," అని ఇంకాస్త ఏడ్చి, ఆ తరవాత తలెత్తాడు.

"ఎవర్రా నన్ను చంపింది?" అంది పాపాయమ్మ.

తన పనిని ఫోటో తీసుకుందామని వచ్చిన అబ్బులు సురేష్‌బాబు వైపు చూశాడు. సురేష్‌బాబు నేలచూపులు చూశాడు. డైరెక్టర్‌గారికి ఒక్కొక్కటిగా విషయం అర్థమవుతున్నకొద్దీ మొహం ఎర్రబడింది.

"సురేష్‌బాబూ! ఎవరి బొమ్మో చూసుకోకుండా పంపిస్తావా? మ్యూజియం పరువు తీశావు. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

రామతులసి సురేష్‌బాబు వైపు చూసింది. నోరు మూసుకుంటే సాయంత్రం పుస్తకం అచ్చుకి వెళ్ళేదాకా ఎవరికీ తెలియదు. తెలిస్తే చివరి పేజీలో పేరు మాట దేవుడెరుగు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కూడా ఇవ్వరు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఆ బొమ్మ పెట్టింది నేనండీ!"

ఆ గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. గోడ మీది ఫ్రేములు కూడా అదిరినట్టనిపించింది. "డమ్మీకని మా మామ్మ ఫోటో పెట్టి, ఫైనల్ అని పేరు పెట్టానండీ. ఆయన తప్పేం లేదండీ."

"అయితే," అన్నాడు ఉదయభాస్కర్‌గారు నెమ్మదిగా, "ఆ కంటి కింద గీత వీరబ్రహ్మంగారిది కాదా?"

"కాదండీ. మా మామ్మ ముడతండీ."

డైరెక్టర్‌గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్న తాను అన్న మాటలు గుర్తొచ్చినట్టున్నాయి. "సరే సురేష్‌బాబూ, నువ్వు రేపు రా," అన్నాడు.

పాపాయమ్మ మాత్రం అప్పటికే బయటికి నడిచింది. వెనకే అందరూ నడిచారు. ఆవిడ రోడ్డుకి అవతలి వైపు వెళ్ళి నిలబడి, కొంగు నెత్తిన వేసుకుని, తనని తాను తీరిగ్గా చూసుకుంది.

"ఇంత బొమ్మా నువ్వే చేశావా?"

"దండ, దీపాలు తప్ప అంతా నేనే మామ్మా."

"ఆ దండేసినోడెవడు?"

అబ్బులు ముందుకొచ్చాడు. "నేనేనండి. పీకేద్దామంటే ప్రింటులో ఉందండి, రాదు. కావాలంటే కింద 'జన్మదిన శుభాకాంక్షలు' అని అతికించేస్తానండి, సరిపోద్ది. ఆయ్."

"ఇది వీరబ్రహ్మంగారి ప్రదర్శనయ్యా!" అన్నాడు డైరెక్టర్ దీనంగా.

పాపాయమ్మ ఆ ఇద్దర్నీ పట్టించుకోలేదు. ఊరివాళ్ళ వైపు తిరిగింది. "చూశారా? నా పెళ్ళిలో కూడా నన్నెవడూ ఫోటో తీయలేదు. మా పిల్ల నన్ను రాజమండ్రి గోడకెక్కించింది. దీనికి నోరు లేదు, టౌన్లో ఏం చేస్తుంది అన్నారుగా మీరంతా? ఇప్పుడనండి!" దండలు తెచ్చినవాళ్ళు వాటిని ఏం చేయాలో తెలియక ఒకరొకరుగా రామతులసి మెడలో వేశారు. ఆమె ముఖం గులాబీల వెనక సగం మునిగిపోయింది. ఆ సగంలోంచే నవ్వింది.

తబిత మేడం దగ్గరికొచ్చింది. ఆమె ఇంకా ఫ్లెక్సీనే చూస్తోంది. "బొమ్మ తప్పు. పేర్చిన తీరు తప్పు కాదు. ముఖం పక్కన నువ్వు వదిలిన ఖాళీ చూడు, నేనైతే భయపడి అక్షరాలతో నింపేసేదాన్ని. అసలు బొమ్మ ఫోటో ఇప్పుడే వచ్చింది. అదే చోట, అదే సైజులో పెట్టు. కొంచెం కూడా కదపకు."

"మేడం! పుస్తకం చివర నా పేరు కూడా వేయండి!"

ఇందాకటి గొంతు ఇంకా తగ్గలేదు. అవతల ఆటోవాళ్ళు కూడా ఇటు చూశారు.

"వేస్తానమ్మా. ఇంత గట్టిగా అడగక్కర్లేదు," అంది తబిత మేడం.

ఆదివారం అదే జనం, ఈసారి పిల్లాపాపలతో, ప్రదర్శనకి వచ్చారు. పుస్తకం అచ్చయి వచ్చింది. చివరి పేజీలో 'పేజీల రూపకల్పన: తబిత, రామతులసి' అని ఉంది. పాపాయమ్మ ఆ పుస్తకాన్ని ఇంటింటికీ తీసుకెళ్ళి చివరి పేజీ ఒక్కటే తెరిచి చూపించింది. ముందు అట్ట మాత్రం ఎవరికీ చూపించలేదు, దాని మీద ఎవరో ముసలావిడ ఉందట.