ఈరవ్వ చెరుకులో దిగిన డబ్బా

ఆ పొద్దున ఈరవ్వ తలపెట్టిన పని ఒక్కటే: చెరుకు కొట్టించి లారీ ఎక్కించడం. ఇంత పనికి ఆమె ఎన్ని గడపలు తొక్కిందో బోధన్ చుట్టుపక్కల తెలియనివారు లేరు, ఎందుకంటే అందరికీ ఆమే చెప్పింది. చివరికి మహారాష్ట్ర నుంచి వచ్చిన కోత ముఠా ఆమె వంతుకు దొరికింది. ముఠా మేస్త్రి ఆత్మారాం గట్టు మీద కూర్చొని కొడవలి నూరుకుంటూ ముందే మాట తేల్చేశాడు.

"ఆయీ, కొట్టుడు మాకు కష్టం గాదు. మధ్యాహ్నం దాక లారీ రాకుంటే మేం రెంజల్ దిక్కు పోతం. మళ్ల ఈ దిక్కు ఎప్పుడొస్తమో నాకే తెల్వది."

చెరుకేమో అప్పటికే పూతకు వచ్చింది. ముఠా పోయిందంటే ఇక పొయ్యిలోకే పనికొస్తుంది. ఈరవ్వ లారీ డ్రైవర్ మల్లికార్జున్‌కు ఫోన్ చేయించింది.

"నేను రానవ్వా," అన్నాడతను. "మీ బాట మీద రెండు మేకలు ఎదురువడితే ఒకటి ఎన్కకు పోవాలె. లారీ యాడికెల్లి తోల్త? నిరుడు దిగవడితే ట్రాక్టర్‌తోని గుంజిపిచ్చిన. బాట ఎడల్పు చెయ్యిండ్రి, వస్త."

అతని మాటలో అబద్ధం లేదు. ఒకప్పుడు రెండు ఎడ్లబండ్లు పక్కపక్కన పోయిన బాట అది. ఏటేటా రెండు వైపుల గట్లూ జానెడు జానెడు లోపలికి జరుగుతూ వచ్చాయి. వాటిని ఎవరూ జరపలేదు, గట్లే జరిగాయి. ఏ ఇంట అడిగినా ఇదే జవాబు. ఆ మాటకొస్తే ఈరవ్వ గట్టుకు కాళ్లు కాస్త ఎక్కువే.

ఏం చేయాలా అని ఆమె తల పట్టుకొని కూర్చున్నప్పుడే, ఎర్రటి గొడుగులాంటిది ఒకటి ఆకాశం నుంచి ఊగుకుంటూ వచ్చి చెరుకు నడుమ కూలబడింది. దాని కింద వెండి కాగితం చుట్టిన డబ్బా. కోడలు జ్యోతిరాణి దగ్గరికెళ్లి దాని మీది అక్షరాలు చదివింది. అంతరిక్ష పరిశోధన పరికరమట, భయపడవద్దట, ముట్టవద్దట, ఫలానా నంబరుకు ఫోన్ చేసి చెప్పాలట. చెప్పింది.

"సలాం అమ్మా, నేను ఇస్రార్," అంది అవతలి గొంతు. వెనక జీపు మోత. "దాని ఎన్కనే వస్తున్న. తెల్లారంగ పెద్ద బెలూన్‌కు కట్టి పంపిచ్చినం. పైన పని అయింది, దింపినం. పైకి పంపుడు సార్ల పని, యాడ వడితే ఆడికెల్లి ఎత్తుకొచ్చుడు నా పని. పోయినసారి పెంటకుప్పల వడ్డది. చెరుకు తోట అంటున్నరు, నా నసీబు మంచిగున్నది. జర ఎవర్ని ముట్టనియ్యకుండ్రి. ఎందరిదో ఏండ్ల కష్టమది."

ముట్టనీయకపోవడం సులువే. చూడనీయకపోవడం ఎవరి తరం? కాసేపటికి ఊరంతా అక్కడే ఉంది. వచ్చినవాళ్లు ఊరికే నిలబడతారా, చెరుకు చేతికందుతుండగా? తలా ఒక గడ విరిచి నములుతూ ఆకాశం గురించి మాట్లాడుకోసాగారు. కోత ముఠా వాళ్లు కూడా కొడవళ్లు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డారు. పొద్దు పైకి పోతోంది. ఈరవ్వ గట్టెక్కి నిలబడింది.

"ఇరువుండ్రి, మంచిగ ఇరువుండ్రి," అంది. "దాంట్ల కెమెరా ఉన్నదట. ఎవలేం జేసినా కనవడుతదట."

పక్క పొలం సిద్దిరాములు పిప్పి ఊసి నవ్వాడు. "నీ చెరుకు గడల కోసం ఆకాశం నుంచి కెమెరా దింపిండ్రా అక్కా?"

"చెరుక్కెందుకు దింపుతరు, గట్లకు దింపిండ్రు. ఎవలెవలు బాట ఎంత కలుపుకున్నరో కొలుస్తదట."

ఆ మాట ఆమె ఆలోచించి అన్నది కాదు, నోటికొచ్చింది, అనేసింది. సిద్దిరాములు నమలడం మాత్రం ఆగిపోయింది. కొమురయ్యకు బర్రెకు నీళ్లు పెట్టలేదని గుర్తొచ్చింది. దేవవ్వకు పొయ్యి మీద కూర గుర్తొచ్చింది. చూస్తుండగానే తోట ఖాళీ. ఈరవ్వ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుకుంది.

ఎక్కువసేపు నవ్వలేదు. సిద్దిరాములు ట్రాక్టర్‌కు బ్లేడు తగిలించుకొచ్చి తన గట్టును తనే వెనక్కి నెట్టడం మొదలుపెట్టాడు. దేవవ్వ పార తెచ్చింది. కొమురయ్య కష్టపడే మనిషి కాడు. బాటలోంచి కలుపుకున్న ముక్క మీద టార్పాలిన్ కప్పాడు. గాలికి అది లేస్తుంటే దాని మీదే పడుకున్నాడు. పక్కవాళ్లు తిట్టి లేపి అతని గట్టు కూడా తవ్వేశారు.

జ్యోతిరాణి రొప్పుకుంటూ వచ్చింది. "అత్తమ్మా, ఇన్నవా? తహసీల్ ఆఫీసుల పెద్ద టీవీల మన గట్లన్ని కనవడుతున్నయట. జరిపినోళ్ల పాసుబుక్కులు రద్దట."

"ఎవలన్నరే?"

"అందరంటున్నరు."

ఆ అబద్ధాన్ని కన్నది తనే. కానీ పొద్దుటి నుంచి అది ఎంత ఎదిగిందంటే, కన్నతల్లే గుర్తుపట్టలేకపోయింది. ఈరవ్వ మెల్లగా తలతిప్పి డబ్బా వైపు చూసింది. అది తళతళమంటూ తననే చూస్తున్నట్టుంది.

అంతలో సిద్దిరాములు ట్రాక్టర్ ఆపి వచ్చాడు. "అందరి గట్లు ఎన్కకు వాయె అక్కా. నీ చెరుకు సాళ్లే బాట నడుమ నిలవడ్డయి. డబ్బా దిగింది గూడ నీ కాడనే. మొదటి ఫోటో నీదే."

ఈరవ్వ మేస్త్రి దగ్గరికి పరుగెత్తింది. "ఆత్మారాం, ముందుగాల్ల బాట మీది సాళ్లు కొట్టు బిడ్డా," అంది. కొట్టాక సిద్దిరాములు అక్కడే నిలబడి, మళ్లీ చిగురించే మోళ్లను కూడా తవ్వించాడు. ఒక్కో మోడు లేస్తుంటే ఆమెకు తన పన్నే పీకుతున్నట్టు అనిపించింది. సంగతి విన్న మల్లికార్జున్ మాత్రం బయలుదేరానని ఫోన్ చేశాడు.

లారీ కంటే ముందు జీపు వచ్చింది. ఇస్రార్ దిగి నడుం పట్టుకొని చుట్టూ చూశాడు. "ఏం బాట అవ్వా, మస్తుగున్నది. నాకైతే రోజూ ముళ్లకంపలే." డబ్బా చుట్టూ తిరిగి, చెవి ఆనించి, బట్టతో దుమ్ము తుడిచాడు. అప్పుడే జ్వరం దిగిన పిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాడు.

ఈరవ్వ అతని పక్కకు జరిగి గొంతు తగ్గించింది. "బిడ్డా, పొద్దుగాలటియి తుడిపెయ్యరాదు? ఇప్పటి సంది అందరం మంచిగనే ఉన్నం."

"ఏం తుడుపాలె?"

"అదే, గట్ల ఫోటోలు."

ఇస్రార్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక జీపు పట్టుకొని నవ్వాడు. "అవ్వా, దీని కన్ను పైకే. సూర్యుని దిక్కు సూస్తది. కిందికి సూసుడు దీనికి రాదు. కిందికి సూసేటోన్ని నేనొక్కన్నే, ఏ గుంతల వడతదో అని."

ఆ నవ్వుకు ఊరంతా దగ్గరికొచ్చింది. వచ్చినవాళ్లంతా ఆ మాట విన్నారు. పారలన్నీ ఒక్కసారి ఆగాయి, తలలన్నీ ఈరవ్వ వైపు తిరిగాయి.

"కొలుస్తదన్నది ఎవలు?" అన్నాడు సిద్దిరాములు.

జవాబుగా లారీ హారన్ వినిపించింది. మల్లికార్జున్ కొత్త బాట మీద ఎక్కడా ఆగకుండా వచ్చి చెరుకు పక్కన నిలిపాడు. సిద్దిరాములు ట్రాక్టర్ వైపు రెండడుగులు వేశాడు, గట్టును మళ్లీ ముందుకు నెట్టేద్దామనే. లారీని చూశాడు. కోతకొచ్చిన తన చెరుకును చూశాడు.

"మల్లికార్జునా, రేపు నాది ఎక్కిస్తవా?"

"బాట గిట్లనే ఉంటే ఎక్కిస్త."

ఇక గట్ల జోలికి ఎవరూ పోలేదు. ఈరవ్వను తిట్టుకుంటూనే అందరూ కలిసి డబ్బాను మోసుకెళ్లి జీపెక్కించారు. ఆమె చెరుకంతా పొద్దుగూకేలోగా లారీ ఎక్కింది.

తర్వాత ఊళ్లో అందరి చెరుకూ ఫ్యాక్టరీకి చేరింది. ఒక పొద్దున ఈరవ్వ పార పట్టుకొని చప్పుడు చేయకుండా బాట దగ్గరికి వెళ్లింది. సిద్దిరాములు అప్పటికే అక్కడ ఉన్నాడు, చేతిలో పారతో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత, ఎందుకో గానీ, ఇద్దరూ ఆకాశం వంక చూశారు.

"అది పైకే సూస్తదన్నడు గదా అక్కా," అన్నాడు సిద్దిరాములు.

"అది పైకే. కిందికి సూసేటిది ఇంకోటి లేదన్నడా?"

సిద్దిరాములు పారను బాట పక్క కాలువ వైపు తిప్పాడు. "నేనైతే కాలువల పూడిక తీద్దామని వచ్చిన."

"నేను గూడ గందుకే వచ్చిన."

ఆ ఏడు ఆ ఊరి కాలువ అద్దంలా ఉండింది.