తలుపు దగ్గర రెండు మొక్కలు

"ఆవిడ కూర్చోగానే కుర్చీ విరిగిందనుకో, అప్పుడేం చేస్తాం?" అంది రెమెదియోస్, పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా.

ఆవిడ అంటే కాబోయే వియ్యపురాలు, పెళ్ళికొడుకు గోన్సాలో తల్లి దోన్యా ఉర్సులా. ఎక్కడో ఉత్తరాన, చలికి పేరుపడ్డ బుర్గోస్ నుంచి మధ్యాహ్నం రైలుకు వస్తోంది. కూతురు నియెవెస్ పెళ్ళి ఎక్కడ చేయాలో ఈ పూట భోజనాల దగ్గర తేలాలి. కోర్దోబాలో, తమ ఇంటి మండువాలో, తను పెంచిన పూల మధ్య చేయాలని రెమెదియోస్ ఆశ. బుర్గోస్‌లో చేస్తే పిల్ల అక్కడే ఉండిపోతుందని, జలుబు చేస్తుందని, ఆ జలుబు గుండెల్లోకి దిగుతుందని ఆమె భయం. పైగా ఉర్సులా నోరు విప్పే మనిషి కాదు. ఇంతవరకూ ముఖం చూసింది లేదు, ఫోను చేస్తే అవతల ఊపిరి తప్ప ఏమీ వినిపించేది కాదు.

"కుర్చీకి నేను హామీ. నువ్వు వంట చూసుకో," అన్నాడు భర్త ఎలాదియో.

మండువాలో పెద్ద బల్ల పట్టడానికి చోటు చాలలేదు. అడ్డంగా ఉన్న రెండు సైప్రస్ మొక్కల కుండీలను అతను ఈడ్చుకెళ్ళి వీధి తలుపుకు అటొకటి, ఇటొకటి పెట్టాడు. గాలి ఆడుతుందని తలుపు బార్లా తీసి, రొట్టె తేవడానికి వెళ్ళాడు.

అవి మే నెలలో పూల మండువాల పోటీలు జరిగే రోజులు. ఆ రోజుల్లో కోర్దోబాలో ఏ గుమ్మం ముందైనా రెండు సైప్రస్ మొక్కలుంటే, లోపలికొచ్చి చూసి పొమ్మని అర్థం. ఎలాదియోకు ఈ సంగతి నడక రాకముందే తెలుసు. కానీ ఆ పూట అతని బుర్రలో బల్ల తప్ప మరేమీ లేదు. జనం తొక్కిడికి కుండీలు పగులుతాయని రెమెదియోస్ ఏ ఏడూ పోటీలో చేరలేదు.

ఆమె వంటింట్లో సల్మొరెహో అనే చల్లటి సూపు కోసం టమాటాలు రుబ్బుతుండగా ఓ ముసలి దంపతులు లోపలికొచ్చారు. జెరేనియం పూలను చూసి, ఇలాంటి ఎరుపు ఊరంతా తిరిగినా కనబడలేదన్నారు. పూలను మెచ్చుకున్నవాళ్ళను పొమ్మనడానికి ఏ నోరొస్తుంది? వాళ్ళ వెనక ఓ కుటుంబం, ఆ వెనక జెండా పట్టుకున్న గైడు, అతని వెంట ఊరు చూడవచ్చిన జనం. కాసేపటికి వరుస వీధి మలుపు దాటింది. ఎవరిని ఆపాలో తెలియక రెమెదియోస్ అందరికీ దారి చూపించింది.

బూడిదరంగు కోటు వేసుకున్న ఒకామె మాత్రం కదలకుండా, గోడ మీద పై వరుస కుండీల్లో వాడిపోతున్న మొక్కలనే చూస్తూ నిలబడింది. "చూస్తే తడుస్తాయా? కాస్త పట్టమ్మా," అని రెమెదియోస్ గడకు కట్టిన నీళ్ళ డబ్బా ఆమె చేతికిచ్చింది. ఆమె మాట్లాడకుండా నీళ్ళు పోయడం మొదలుపెట్టింది.

ఎదురింటి పూరా కిటికీలోంచి ఇదంతా గమనించింది. జనం నెమ్మదిగా లోపలికి వెళ్తున్నారు, గుమ్మం పొట్టిది కాబట్టి తల వంచుకుని బయటికొస్తున్నారు. ఎలాదియోకు గుండె జబ్బుందని వీధి వీధంతా ఎరుగును. పూరా నల్లబట్టలు కట్టుకుని, గిన్నెడు సూపు పట్టుకుని, ఏడుస్తూ వచ్చింది. వరుస దారి ఇచ్చింది.

"నిన్న సాయంత్రమే కదమ్మా నాతో పరాచికాలాడాడు," అని రెమెదియోస్‌ను వాటేసుకుంది.

ముప్ఫై ఏళ్ళుగా ఈ కబురు కోసమే భయపడుతున్న మనిషి రెమెదియోస్. ఎలా, ఎక్కడ అని కూడా అడగలేదు. రొట్టెకు వెళ్ళినవాడు ఇంకా రాలేదు, అంతే చాలు. దగ్గర్లో దొరికిన బూడిదరంగు కోటు మీద తల వాల్చి బావురుమంది.

"నా కూతురికి తండ్రి లేకుండా పోయాడమ్మా. ఇప్పుడా బుర్గోస్ బండరాయి వస్తుంది. నవ్వదట, మాట్లాడదట. ఈ ఏడుపు చూసి పెళ్ళే వద్దంటుంది. పిల్ల గోన్సాలో మీద ప్రాణాలు పెట్టుకుంది."

ఆమె ఒక చేత్తో గడ ఎత్తి పట్టుకునే, రెండో చేత్తో రెమెదియోస్ వీపు నిమిరింది.

ఆ సమయానికి ఎలాదియో వీధిలో, తన ఇంటికి తనే వరుసలో నిలబడి ఉన్నాడు. ముందుకు వెళ్ళబోతే అందరూ కోప్పడ్డారు మరి. చివరికి చంకలో రొట్టెలతో గుమ్మం దాటాడు.

"ఏమిటీ జనం? ఎవరు పోయారు?"

"నువ్వే," అంది పూరా.

రెమెదియోస్ వెళ్ళి మొగుడి చెంపలు తడిమి చూసింది. వెచ్చగా ఉన్నాయి. ఇంత ఆలస్యమా అని అక్కడే తిట్టడం మొదలుపెట్టింది. అంతలో స్టేషనుకు వెళ్ళిన నియెవెస్, గోన్సాలో రొప్పుతూ వచ్చారు. రైల్లోంచి అతని తల్లి దిగలేదట.

చెబుతూ చెబుతూ గోన్సాలో ఆగిపోయాడు. "అమ్మా, నువ్విక్కడేం చేస్తున్నావు?"

బూడిదరంగు కోటు ఇటు తిరిగింది. దోన్యా ఉర్సులా పొద్దుటి రైలుకే వచ్చేసింది. ఇంటి ముందు వరుస కనబడితే, బుర్గోస్ పద్ధతిలో చివర నిలబడింది.

రెమెదియోస్ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడింది. కుర్చీ మాత్రం విరగలేదు.

"పెళ్ళి మీరు ఎక్కడ చేయమంటే అక్కడే చేస్తాం," అంది. "అసలు మీరు చేసుకుంటామంటేనే."

జనమంతా ఇటే తిరిగారు. గైడు కూడా జెండా దించాడు. ఉర్సులా చిట్టచివరి కుండీకి నీళ్ళు పోసింది. గడను గోడకు ఆనించింది. పూలన్నిటినీ ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూసింది. రెమెదియోస్ మనసులో నియెవెస్‌కు అప్పుడే జలుబు చేసింది.

"పెళ్ళి ఇక్కడే చేద్దాం వదినగారూ," అంది ఉర్సులా. "ఆ రోజు మాత్రం ఆ రెండు మొక్కలూ లోపల పెట్టించండి."