జోరాక్ అరికాలి ముద్ర

తొండియార్‌పేట వైదేహీ కాలనీ నివాసుల సంక్షేమ సంఘం ఈ యేడు నవరాత్రికి ఒక చారిత్రక నిర్ణయం తీసుకుంది. బొమ్మల కొలువు పోటీలో ఇకమీద అందం చూడరు, భక్తి చూడరు, ప్రసాదం గుగ్గిళ్ళు, అదే సుండల్, రుచి అసలే చూడరు. క్వాలిటీ మాత్రమే చూస్తారు. పోయినేడు ఇంటింటా సుండల్ రుచి చూసిన కమిటీ మొత్తం మర్నాటికి మంచమెక్కింది గనక, ఈ నిర్ణయాన్ని అందరూ హర్షించారు.

మొదటి బహుమతి ఎప్పటిలాగే ఎవర్‌సిల్వర్ స్టీలు బిందె. అది మూడేళ్ళుగా వరదలక్ష్మికి ఎదురింట్లో ఉండే రాజలక్ష్మికే పోతోంది. కొళాయి దగ్గర కాలనీ బిందెలన్నీ కొట్టుకు చస్తున్నా, ఆమె ఆ బిందెల్లో చుక్క నీళ్ళు పట్టదు. వరండాలో వరసగా బోర్లించి పెడుతుంది, వరదలక్ష్మి వాకిలి తీయగానే కనబడేట్టు.

వరదలక్ష్మి కూతురు ధన్య ఇంజనీరింగ్ చదివి ప్యారిస్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. హార్బర్ పక్కనుండే ప్యారిస్ కార్నర్ లెండి, తొందరపడి సంతోషించకండి. ఆ అమ్మాయికున్న ఆస్తి ఒక్కటే, జోరాక్. వీడియో గేమ్‌లో ఆఖరి రౌండ్‌లో వచ్చే వీరుడి బొమ్మ. జానెడు పొడుగు, నీలం ఒళ్ళు, నాలుగు చేతులు, అందులో ఒకదాంట్లో గద. సింగపూర్ నుంచి జనార్దనం మామ పంపాడు. ఇలాంటి బొమ్మకి సీలు తీయకపోతేనే గౌరవమని ధన్య ఏదో పత్రికలో చదివింది. అందుకని బీరువాలో చీరల కింద దాచి, ఆదివారం ఆదివారం పెట్టెకున్న ప్లాస్టిక్ కిటికీలోంచి దర్శనం చేసుకుని, మళ్ళీ దాచేది. ఆడుకోకపోవడమే ఆ బొమ్మతో ఆడే ఆట. చదువుకున్నవాళ్ళ సంగతులు మనకెందుకు.

నవరాత్రి మొదటిరోజు సాయంత్రం ధన్య ఇంటికొచ్చేసరికి జోరాక్ ఐదో మెట్టు మీద, చెట్టియారు దంపతుల బొమ్మల పక్కన, నొసట కుంకుమతో, గదకి మల్లెపూలతో కొలువుదీరి ఉన్నాడు.

"మా, పెట్టె తెరిచేసినావా?"

"తెరవక? ఉప్పేసి ఊరబెట్టేదా? కత్తిపీట మీద పెడితే బెండకాయ మాదిరి తెగిపోయింది."

"సీలు తీస్తే దాని వాల్యూ పోతుంది మా."

"పెట్టెలో ఉండేదాన్ని ఎవురు చూస్తారే? సుమ్మా ఊరికే అరవద్దు. ఈ తడవ బిందె మన ఇంటికి రావాల. అంతే."

ఆ సాయంత్రం తాంబూలానికొచ్చిన రాజలక్ష్మి జోరాక్‌ని చాలాసేపు చూసింది. "బాగుండాడు వదినా," అంది. తెల్లారి, ఫారిన్ సరుకుకి నకళ్ళమ్మే బర్మా బజార్‌కి పోయింది.

ఐదోరోజు కమిటీ వచ్చింది. అధ్యక్షుడు భాష్యం, హార్బర్‌లో దిగుమతి పెట్టెల మీద సుద్దముక్కతో టిక్కు పెట్టి పెట్టి రిటైరైన నిపుణుడు. సభ్యుడు శేషాద్రి, మనలిలో రసాయనాల ఫ్యాక్టరీ మనిషి. గాలి వాసన చూసి అది ఎవరి పొగగొట్టమో చెప్పగల మేధావి. శేషాద్రి జోరాక్ నాలుగు చంకలూ శ్రద్ధగా వాసన చూసి, "ఫారిన్ సరుకే. కాకపోతే కొంచెం కలరా ఉండల కల్తీ ఉంది," అని నివేదించాడు. చీరల కింద పెరిగినవాడు మరి.

ధన్య తనకి తెలిసిన క్వాలిటీ చెప్పింది. రంగు గీత దాటలేదు, అతుకు కనబడదు, కీళ్ళన్నీ తిరుగుతాయి అంది.

"కీళ్ళదేముందమ్మా, నావీ తిరుగుతాయి, శబ్దంతో సహా," అని భాష్యం జోరాక్‌ని తలకిందులు చేశాడు. అరికాలి మీద గుండ్రంలో ఇంగ్లీషు 'సి', పక్కన 'టి.ఎం.' అని చెక్కి ఉన్నాయి. ఆయన మొహం గంభీరమైంది.

"సి గ్రేడ్. టి.ఎం. అంటే తిరువొత్తియూర్ మేడ్. మన రైల్లో రెండు స్టేషన్లు. సింగపూర్ ఎక్కడ?"

"అంకుల్, అది గ్రేడ్ కాదు. కాపీరైట్."

"ఏమన్నావమ్మా?"

"కాపీరైట్."

భాష్యం సభవైపు తిరిగాడు. "అమ్మాయి చదువుకున్నది గనక దాచకుండా ఒప్పుకుంది. కాపీ. రైట్."

శేషాద్రి చప్పట్లు కొట్టాడు.

ఎదురింట్లో బర్మా బజార్ జోరాక్ తయారుగా ఉన్నాడు. ఆయనకి ఒక కన్ను చెంపమీదికి జారింది. రెండూ ఎడమకాళ్ళే. "ఒకటి మాదిరే ఇంకోటి ఉంది చూశారా, యూనిఫార్మిటీ అంటే ఇదీ," అన్నాడు భాష్యం. అన్నిటికీ మించి గుండెమీద బంగారురంగు స్టిక్కర్. దానిమీద 'ఒరిజినల్' అని రాసుంది. రాసుంటే ఇక వాదనేముంది? బిందె మళ్ళీ ఎదురింటికే ఖాయం చేశారు.

వరదలక్ష్మి ఏడవలేదు. వీధి వాకిలి మూసి, దొడ్డి వాకిలి గుండా రాకపోకలు పెట్టుకుంది. పాలవాడు కూడా చుట్టు తిరిగి రావలసి వచ్చింది. రెండు రోజులు చూసి, ధన్య కంప్యూటర్ సెంటర్‌లో బంగారురంగు స్టిక్కర్ కాగితం ప్రింటర్‌కి తినిపించింది. సంఘం నిబంధనల ప్రకారం అప్పీలు కూడా వేసింది.

సరస్వతీ పూజనాడు పునఃపరిశీలన జరిగింది. జోరాక్ గుండెమీద ఒక స్టిక్కర్, వీపుమీద ఒకటి, గదమీద ఒకటి, అరికాళ్ళకి చెరొకటి.

"మొన్న ఈ ఆధారాలు సంఘానికి ఎందుకు సమర్పించలేదు?"

"ప్యాకింగ్‌లో ఉండిపోయినాయి అంకుల్."

భాష్యం కళ్ళు చెమర్చాయి. "ఎదురింట్లో ఒరిజినల్ ఒక్కసారే ఉంది. ఇక్కడ ఐదు సార్లు ఉంది. తొండియార్‌పేట చరిత్రలో ఇంత ఒరిజినల్ వస్తువు అడుగుపెట్టలేదని సగర్వంగా ప్రకటిస్తున్నాను."

బిందె వచ్చింది. వరదలక్ష్మి వీధి వాకిలి బార్లా తెరిచి, వరండాలో దాన్ని బోర్లించి, ఎదురింటివైపు ఒకసారి చూసి, మళ్ళీ బిందె అడుగు చూసింది. మొహం వాడిపోయింది.

"ఏమే ధన్యా, దీని అడుగున ఏమీ రాసిలేదే. నిజంగా ఎవర్‌సిల్వరేనా?"

ధన్య ఒక స్టిక్కర్ ఒలిచి అతికించింది. వాళ్ళమ్మకి ఊపిరి ఆడింది.

మిగిలిన స్టిక్కర్ల షీటుని కాలనీవాళ్ళు వారంలో ఖాళీ చేశారు. చీకటి పడ్డాక భాష్యం కూడా వచ్చి, దేనికో చెప్పకుండా, రెండు పట్టుకుపోయాడు. మీరు నవ్వొద్దు. మీ ఇంట్లోనూ అలాంటి స్టిక్కర్ ఒకటి ఉంటుంది, ముందు అది దేనికి అతికించుకున్నారో చూసుకోండి.