పర్యావరణానికి పద్దెనిమిది సైకిళ్లు

ప్రపంచమంతా జూన్ ఐదున జరుపుకునే పర్యావరణ దినోత్సవాన్ని మా గనుల కాలనీలో 1986 డిసెంబరు ముప్ఫై ఒకటిన అత్యంత వైభవంగా జరిపామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇందులో మా ఆలస్యమేమీ లేదు. సర్క్యులర్ ఒక్కొక్క బల్లా దాటుకుంటూ, మణుగూరు దాపున అడవిలో ఉన్న మా ఆఫీసుకు చేరేసరికి డిసెంబరు ఆఖరివారం అయింది. "ఈ సంవత్సరంలోనే జరపవలెను" అని అందులో ఉంది కనుక, సంవత్సరం ఇంకా మిగిలి ఉండగానే జరిపేశాం.

ఉత్సవ సంఘానికి అధ్యక్షులు మా పెద్ద అధికారి వెంకటరామారావు గారు. కార్యదర్శిని నేను. అధికారులందరూ ఆ రోజు పెట్రోలు బండ్లు మాని సైకిళ్లపై రావాలనీ, స్థానికంగా దొరికే ఆహారమే తినాలనీ సర్క్యులర్ ఆదేశం.

స్థానిక ఆహారం తేలిగ్గానే కుదిరింది. జూలూరుపాడు నుంచి జొన్నలు ఒక జీపులో, భద్రాచలం నుంచి విస్తరాకులు ఒక జీపులో, కొత్తగూడెం నుంచి రొట్టెలు చేసే మనిషి మరో జీపులో వచ్చే ఏర్పాటు చేశాం.

చిక్కంతా సైకిళ్ల దగ్గర వచ్చింది. సంఘంలో పద్దెనిమిది మందిమి ఉన్నాం. ఒక్కరికీ సైకిల్ లేదు. అకౌంట్స్ అధికారి గారి అమ్మాయికి మూడు చక్రాల సైకిల్ ఒకటి ఉంది గానీ, అది అధ్యక్షుల వారి హోదాకు చాలదని తీర్మానించాం. అప్పుడు నాకే ఒక ఆలోచన తట్టింది. అడవి పల్లెల నుంచి కార్మికులు మొదటి షిఫ్టుకు సైకిళ్ల మీదే వస్తారు. ఏ సర్క్యులరూ లేకుండా రోజూ వస్తారు. అలా ఊరికే తిరుగుతున్న సైకిళ్లను ఒక్క రోజు పర్యావరణానికి వినియోగించుకుంటే తప్పేమిటి?

ఆ ఉదయం కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్లతో నిలబడి, వచ్చిన సైకిల్‌నల్లా ఆపించాను. పన్నెండోది సారయ్యది. సారయ్య బదిలీ ఫిల్లరు. అంటే ఎవరైనా నాగా పెడితే వారి బదులు గనిలోకి దిగి బొగ్గు ఎత్తుతాడు. ఏడాదిలో నూట తొంభై మస్టర్లు, అంటే అన్ని రోజుల హాజరు నిండితే నౌకరీ పర్మనెంటు అవుతుంది. అతనికి నూట ఎనభై తొమ్మిది నిండాయి. ఏడాదిలో మిగిలింది ఆ ఒక్క రోజే.

"సారూ, నా ఒక్కని సైకిల్ ఇడిసిపెట్టుండ్రి. గని ఇంక నాలుగు మైళ్లున్నది. టైముకు పోకుంటే నా ఏడాదంత మట్టిల కలుస్తది" అన్నాడు.

"పర్యావరణం మీద నీకు బాధ్యత లేదా?" అని అడిగాను.

"గదేందో నాకెరుక లేదు సారూ. నేనైతే దినాం సైకిల్ మీదనే వస్త."

అజ్ఞానంతో వాదించి లాభం లేదని సైకిల్ పక్కన పెట్టించాను. సారయ్య చెప్పులు చేత పట్టుకుని గని వైపు పరుగెత్తాడు. దారిలో ఏ బొగ్గు లారీ అయినా ఎక్కించుకునేదే గానీ, ఊరేగింపు శుభ్రత కోసం లారీలన్నిటినీ ముందే ఆపించాం.

పది గంటలకు యాత్ర మొదలైంది. అధ్యక్షుల వారికి సైకిల్ తొక్కడం రాదు. చెరో పక్క ఒక అటెండరు పట్టుకుని తోస్తుంటే, మూడోవాడు ముందు నడుస్తూ చెయ్యి వెనక్కి చాపి బెల్లు కొట్టాడు. తిరిగి ఇళ్లకు వెళ్లేందుకు పద్దెనిమిది జీపులు మా వెనుకే మొదటి గేరులో వచ్చాయి. క్లబ్బు నుంచి పోస్టాఫీసు దాకా రెండు ఫర్లాంగులు అలా సాగాం. జీపుల పొగలో ఎవరూ కనపడలేదని ఫొటోగ్రాఫరు అనడంతో మళ్లీ మొదటి నుంచి సాగాం.

"మిత్రులారా! నేడు మనం చేసిన త్యాగం వృథా పోదు. మనం చూపిన ఈ బాటను అర్థం చేసుకుని, మన కార్మిక సోదరులు కూడా ఏనాటికైనా సైకిలెక్కుతారని ఆశిస్తున్నాను!" అని అధ్యక్షులు ఉపన్యసించారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. తరువాత జొన్నరొట్టెలకు ఫొటోలు తీయించి, బిర్యానీ తిన్నాం.

సాయంత్రం సారయ్య వచ్చాడు. అతను చేరేసరికి హాజరు గది మూసేశారట. పావుగంట తేడా.

"సారూ, ఓ చిట్టీ రాసియ్యుండ్రి. పొద్దుగాల నా సైకిల్ మీరే తీసుకున్నరని ఉంటే మస్టర్ ఏస్తనన్నడు మేనేజర్ సారు."

న్యాయమైన కోరికే. కానీ "అధికారులందరూ తమ సొంత సైకిళ్లపై పాల్గొన్నారు" అని పద్దెనిమిది సంతకాలతో నివేదిక అప్పటికే పై ఆఫీసుకు వెళ్లిపోయింది. అత్యవసర సమావేశం జరిపాం. నేనే చిట్టీ రాసి బల్ల మీద పెట్టాను. కింద ఎవరిదైనా ఒక్క సంతకం చాలు. కలం బల్ల చుట్టూ తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను. చిట్టీకి బదులుగా, సైకిల్‌ను సైతం త్యజించి కాలినడకన విధులకు వెళ్లిన ఆదర్శ పర్యావరణ ప్రేమికుడని సారయ్యకు ప్రశంసాపత్రం ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

"ఇది చూపెడితే మస్టర్ పడ్తదా సారూ?" అన్నాడు.

"పడదు. గోడకు బాగుంటుంది."

"అయితే రేపటికెల్లి మళ్ల ఒకటో మస్టరన్నట్టు" అని, సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు. నాకు చాలా సిగ్గేసింది. ఆ సంగతి మినిట్స్‌లో రాయలేదు.

పాఠకులకు ఈపాటికి సారయ్య మీద జాలీ మా మీద కోపమూ వచ్చే ఉంటాయి. ఆ రోజు సంతకం పెట్టని మేం పద్దెనిమిది మందిమీ మీలాగే కథలు చదివేవాళ్లమే. పేదవాడికి అన్యాయం జరిగిన చోట ఆగి, కళ్లు తుడుచుకుని, పేజీ తిప్పేవాళ్లమే.