మూగ మీటరుకు ఫ్యూజు పీకిన వైనం

అయ్యా కరెంటు ఆఫీసు పెద్దలూ, పెట్టెలో పెట్టిన గుడ్లు పెట్టెలోనే చల్లబడి చచ్చాయంటే ఆ పాపం మీది. పెట్టిన కోడిది కాదు, పొదిగిన పిల్లలక్కది కాదు, గోడమీద వేలాడే తెల్ల మీటరుది అసలే కాదు. మీది. ఈ ముక్క ముందే అనేస్తే మిగతా కథ తీరిగ్గా చెప్పుకోవచ్చు.

పిల్లలక్క అన్నది వీధి పెట్టిన పేరు. ముందుగదిలో గుడ్లు పొదిగే కరెంటు పెట్టెలు రెండు పెట్టుకుని, కోడిపిల్లల్ని తీసి పెంచుకునేవాళ్ళకు ఇవ్వడం ఆవిడ వృత్తి. గుడ్డుకు కావలసింది ఆగని వేడి. వేడికి కావలసింది ఆగని కరెంటు. కరెంటుకు ఏమేం కావాలో మాత్రం ఆవిడకు ఈ మధ్యే తెలిసింది.

ఇకమీదట మీటరు చూడ్డానికి ఇంటికి మనిషి రాడనీ, మీటరే తన సంగతి తాను ఆఫీసుకు చెప్పుకుంటుందనీ సంస్థవారు ప్రకటించారు. ప్రజలు హర్షించారు. హర్షించనివాళ్ళకూ మీటరు పెట్టారు. మీటరు పక్కనే ఒక బూడిదరంగు డబ్బా, రెండింటికీ మధ్య సన్న తీగలు. డబ్బా "ఎంత?" అని అడుగుతుంది. మీటరు "ఇంత" అంటుంది. ఆ కబురును డబ్బా, వదినగారి సంగతులు తల్లికి మోసే ఆడపడుచులా, ఎప్పటికప్పుడు ఆఫీసుకు చేరవేస్తుంది.

మీటరుకో నోటి తీగ, చెవి తీగ. డబ్బాకూ అంతే. ఒకరి నోరు ఇంకొకరి చెవికి కలపాలి. పిల్లలక్క ఇంట్లో బిగించినవాళ్ళు నోటికి నోరు, చెవికి చెవి కలిపేసి పోయారు. డబ్బా అడుగుతూనే ఉంది, మీటరుకు వినబడదు. పెద్దల సభల్లో రోజూ జరిగేది ఇదే కాబట్టి ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

జవాబు చెప్పని మీటరు ఏదో దాస్తున్నట్టేనని సంస్థ నియమం. నియమం ప్రకారం లైనుమ్యాను నిచ్చెన మోసుకొచ్చి వీధి స్తంభానికి ఆనించాడు.

"నిచ్చెనెందుకు నాయనా?" అంది అరుగుమీద కూర్చున్న పిల్లలక్క అత్తగారు.

"మీ మీటరు మాట్లాడట్లేదు పెద్దమ్మా. ఫ్యూజు పీకమన్నారు."

"మాట్లాడనివాళ్ళకల్లా ఫ్యూజు పీకేటట్టయితే ముందు మా అబ్బాయికి పీకాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ నోరు మెదిపిన పాపాన పోలేదు."

"ఆర్డరు మీటరు ఒక్కదానికేనమ్మా."

చేతులు తుడుచుకుంటూ పిల్లలక్క పరుగెత్తుకొచ్చింది. "అన్నా, అన్నా, ఆగు! పెట్టెల నిండా గుడ్లున్నాయి. రేపో మాపో పెంకు కొట్టుకుని బయటికొస్తాయి. ఇప్పుడు వేడి ఆగిందంటే లోపలే చచ్చిపోతాయి. ఈ విడత పోతే నేను దుకాణం కట్టేసుకోవాల్సిందే."

"ఎంతసేపక్కా! మీ మీటరు జవాబు చెప్పిన మరుక్షణం కరెంటు ఇచ్చేస్తాం."

"కరెంటు తీసేస్తే మీటరు ఎలా చెబుతుంది?"

లైనుమ్యాను సగం నిచ్చెన మీద ఆగి నిజాయితీగా ఆలోచించాడు. "అది మా సెక్షన్ కాదక్కా," అని మిగతా సగం ఎక్కి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

సంస్థ చేతులు ముడుచుకు కూర్చుందని ఎవరైనా అంటే కళ్ళు పోతాయి. మీటరు ఎందుకు పలకడంలేదో తేల్చడానికి వెంటనే చిన్న ఇంజనీరును పంపింది. ఆయన బుద్ధిమంతుడు, చదువుకున్నవాడు. మూత తీసి చూసీ చూడగానే "నోటికి నోరు కలిపార్రా దరిద్రులు!" అని పట్టేశాడు. తీగలు మార్చి సరిగ్గా బిగించాడు. లాప్‌టాప్ తెరిచి మీటరును పలకరించాడు. మీటరు పలకలేదు. మళ్ళీ పలకరించాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కాబట్టి తప్పు తీగల్లో లేదని నిర్ధారించి, వాటిని మళ్ళీ నోటికి నోరు, చెవికి చెవి ఎప్పటిలాగే బిగించి, చేతులు కడుక్కున్నాడు.

"సార్, ఫ్యూజు పెట్టి చూడండి సార్," అంది పిల్లలక్క.

"పరీక్ష మధ్యలో పరిస్థితులు మార్చకూడదమ్మా. అది శాస్త్రీయం కాదు."

తర్వాత వేగాల నిపుణుడు వచ్చాడు. డబ్బా ఒక వేగంతో అడిగి మీటరు ఇంకో వేగంతో చెబితే ఒకరి మాట ఒకరికి అర్థం కాదట. అది నిజమే. ఆయన తనకు తెలిసిన వేగాలన్నిటితోనూ అడిగి చూశాడు. కరెంటు లేని మీటరు అన్ని వేగాల్లోనూ ఒకే తీరుగా ఊరుకుంది. ఫలితాల్లో ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదనీ, ఇంత నిలకడగల మీటరును తన ఉద్యోగంలో చూడలేదనీ ఆయన పైవారికి సగర్వంగా తెలియజేశాడు. చివర్న పెద్ద ఇంజనీరు స్వయంగా విచ్చేశారు. ఆయనా మూత తీశారు, ఆయనా తీగలు మార్చి సరిగ్గా బిగించారు, ఆయన్నీ మీటరు పట్టించుకోలేదు. తీగల్ని తిరిగి తప్పుగా బిగించేలోపల భోజనం వేళైంది. తిన్నాక ఆ సంగతి మరిచిపోయారు. సంస్థ చేసిన మరమ్మతుల్లో నిలబడింది ఆ మరుపొక్కటే.

ఇక్కడ పెట్టెలు చల్లబడుతున్నాయి. పక్కింటి టైలరు మంచివాడు. తన ఇంటి నుంచి గోడమీదుగా ఒక వైరు లాగి ఇచ్చాడు. పొరుగు కరెంటు వాడటం నేరమని పెద్ద ఇంజనీరు దాన్ని పీకించి, చుట్టచుట్టి, మర్యాదగా టైలరు చేతికే ఇచ్చారు. అప్పుడు వీధి వీధంతా కదిలింది. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు గుడ్లు పట్టుకెళ్ళి దుప్పట్లలో చుట్టారు, వేడినీళ్ళ సీసాల పక్కన పడుకోబెట్టారు. మొగుడు కదలడు, మెదలడు, ఎదురు చెప్పడు గనక ఆయన చంకల్లో చెరో గుడ్డూ పెట్టి కుర్చీలో కూర్చోబెట్టింది పిల్లలక్క.

"ఇన్నాళ్ళకు నువ్వు ఇంటికి పనికొచ్చావురా," అంది తల్లి, ఒళ్ళో గుడ్లు సర్దుకుంటూ. "తుమ్మావో, చంపేస్తాను."

ఎంత పంచినా ఇంకా గుడ్లు మిగిలిపోయాయి. ఒక బుట్టెడు గుడ్లకు తన శాలువా కప్పి, బుట్ట ఎత్తుకుని పిల్లలక్క ఆఫీసుకే బయల్దేరింది.

ఆఫీసులో మీటర్ల మాటలు వినే గది ఉంది. గోడమీద ఇంటికో దీపం: పలికే మీటరుకు పచ్చది, పలకనిదానికి ఎర్రది. గోడ నిండా పచ్చదనం. మధ్యలో ఒక్క ఎర్ర చుక్క, పిల్లలక్క ఇల్లు. కింద బీరువాలంత యంత్రాలు గుర్రుమంటూ వింటున్నాయి. వాటి వెనక్కి వెళ్ళిన పిల్లలక్కకు మోకాళ్ళ మీద వెచ్చటి గాలి తగిలింది. వంగి అరచెయ్యి పెట్టి చూసింది. ఆవిడ అరచెయ్యి తప్పు చెప్పదు. కోడి కడుపు కింద ఎంత వేడి ఉంటుందో సరిగ్గా అంతే ఉంది. తన మీటరు పలుకుతుందేమోనని వినీ వినీ వేడెక్కిన యంత్రాలవి. బుట్ట అక్కడ దింపి, పక్కనే చతికిలబడింది. ఎవరూ లేవమనలేదు. లేపే సెక్షన్ వేరే ఉంది.

మర్నాడు అదే గదిలో సంపూర్ణ సంభాషణ సాధన సభ. అధ్యక్షులవారు మైకు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఒకప్పుడు మన మీటర్లు మూగవి. మన గోడలు మూగవి. నేడు ప్రతి గోడా గొంతెత్తుతోంది! ఒకే ఒక్క మీటరు, ఒకే ఒక్కటి, మన సహనాన్ని పరీక్షిస్తోంది. నేను ఈ వేదిక మీంచి దాన్ని ఆదేశిస్తున్నాను. పలుకు!"

యంత్రాల వెనకనుంచి "కిచకిచ" మంది. కాసేపటికి ఇంకోటి. ఆ తర్వాత గంపెడు.

సభ నివ్వెరపోయింది. అధ్యక్షులవారూ నివ్వెరపోయారు, కానీ అది బయటికి కనబడనివ్వకపోవడమే వారి అర్హత. "విన్నారా! పలికింది!" అన్నారు. చప్పట్లు మారుమోగాయి. గది గుమాస్తా లేచి ఎర్ర చుక్కను పచ్చగా మార్చాడు.

"సార్, అవి నా కోడిపిల్లలు సార్," అంది వెనకనుంచి పిల్లలక్క.

"తెలుసమ్మా," అన్నాడు కార్యదర్శి మెల్లగా. "చప్పట్లు పడ్డాక మార్చడం కుదరదు. ఇంటికెళ్ళు. ఫ్యూజు పెట్టేస్తారు."

పెట్టారు. బుట్టలోవి చాలావరకు బతికాయి. ఇరుగుపొరుగు ఇళ్ళల్లో సగం బతికాయి. చంకల్లో రెండూ బతికాయి. పెట్టెల్లోనే ఉండిపోయినవి బతకలేదు. పిల్లలక్క ఒక్కొక్క గుడ్డూ తీసి, చెవి దగ్గర పెట్టుకుని, లోపల ఏమన్నా అంటోందేమోనని విని, బకెట్లో వేసింది. తర్వాత బతికినవాటిలో కొన్ని, గుడ్లు కాచిన ఇళ్ళకు తలా నాలుగు పంచిపెట్టింది. అప్పు చేసి కొత్త గుడ్లు తెచ్చి పెట్టెలు నింపింది.

ఇక్కడితో ఆగితే శుభం. కానీ పెద్ద ఇంజనీరు మరుపు పుణ్యమా అని తీగలు సరిగ్గా ఉన్నాయి. కరెంటు రాగానే మీటరుకు నోరొచ్చింది. వచ్చీ రాగానే జరిగింది జరిగినట్టు చెప్పింది: ఫలానా పూట నుంచి ఫలానా పూట దాకా నాకు కరెంటు లేదు.

ఆఫీసు అదిరిపడింది. సంస్థ ఎవరికీ ఎన్నడూ కరెంటు ఆపదు. పలకని మీటరుకు ఫ్యూజు తీయడాన్ని "జవాబు కొరకు ఎదురుచూచుట" అంటారు. ఎదురుచూచుట అంతరాయం కిందికి రాదు. కాబట్టి మీటరు అబద్ధమాడుతోంది. పలకనిదాన్నయినా క్షమించవచ్చుగానీ లేనిపోనివి పలికేదాన్ని వదలకూడదని తీర్మానించి, మళ్ళీ నిచ్చెన పంపారు.

ఈసారి లైనుమ్యాను ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటుండగానే విచారణ అధికారీ వచ్చాడు. న్యాయంగానే వచ్చాడు. ఈ ఇంటికి కరెంటు పోయిన మాట నిజమేనా అని ఇల్లిల్లూ అడిగాడు. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి, ఎవరి మీటరు వంక వాళ్ళు ఒకసారి చూసుకున్నారు.

"మా ఇంట్లో పోలేదు సార్," అన్నాడు టైలరు. "పక్కింటి సంగతి మాకేం తెలుస్తుంది?"

అంటుండగానే ఆయన కాళ్ళ మధ్యనుంచి నాలుగు కోడిపిల్లలు పోయాయి. అధికారి వాటికి దారి ఇచ్చి, "ఎవరూ చూడలేదు" అని నిర్ధారించి వెళ్ళిపోయాడు.

పిల్లలక్క గుమ్మంలో నిలబడి అంతా వింది. "అన్నా, నువ్వూనా?" అంది. టైలరు మిషను తొక్కడం మొదలెట్టాడు. ఆ చప్పుడులో ఇంకేం వినబడదు.

ఇదీ సంగతి. చదువుతున్న మహానుభావులారా, మీరు నవ్వుతున్నారంటే మీ చుక్క పచ్చగా ఉందన్నమాట. సంతోషం. మీదీ ఆ వీధే. గుడ్లు దాచిన దుప్పటి మీ ఇంట్లోనే ఉంది. ఆ సాక్ష్యం ఎవరు చెబుతారని చూస్తున్నారు?

ఆఫీసు పెద్దలూ, సభ తర్వాత పెట్టుకోండి, తీర్మానం తర్వాత రాసుకోండి. లైనుమ్యాను జేబులో ఉన్న ఆ ఫ్యూజు ఇప్పుడే తెచ్చి పెట్టండి. టైలరుగారూ, మిషను ఆపండి. లేచి, వీధిలోకొచ్చి, కరెంటు పోయిందని గట్టిగా చెప్పండి. పెట్టెలో గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.