కూపన్ కోయరాదు

గురువారం పొద్దున చాయ్ తాగుతూ వెంకట్రాజం అనుకున్న పని చిన్నదే. మధ్యాహ్నానికల్లా పేపర్ అచ్చు ముగించి, సాయంత్రానికి స్టేషన్ రోడ్డు దుకాణాలకు చేర్చాలి. వరంగల్ మట్టెవాడలో ఆయన ఇంటి ముందుగదే ప్రెస్సు. అందులోంచి వారానికోసారి ‘మట్టెవాడ మాట’ అనే నాలుగు పేజీల పత్రిక వచ్చేది. రాసేదీ, అక్షరాలు కూర్చేదీ, కాలితో మిషను తొక్కేదీ ఆయనే. మడతపెట్టేది మాత్రం భార్య కట్టమ్మ.

ఆ వారానికో విశేషం ఉంది. హైదరాబాద్ ప్రకటనల కంపెనీ నుంచి మొదటిసారి ఒక తలనూనె ప్రకటన వచ్చింది. దాని కింద చుక్కల గీతల మధ్య కూపన్. కోసి పంపినవాళ్లకు చిన్న సీసా ఉచితం. వచ్చే కూపన్లను బట్టి, ఈ పత్రికను జనం చదువుతున్నారో లేదో కంపెనీ తేల్చుకుంటుంది. తేలితే ఏడాదంతా ప్రకటనలు. తేలకపోతే మిషను అమ్ముకుని తొర్రూరులో మామగారి రైసుమిల్లులో గుమాస్తాగా చేరవలసిందే. మామగారు ఆ మాట ఇప్పటికే ఊళ్లో చెప్పేసుకున్నాడు.

ప్రకటన ఇవ్వడానికి వచ్చిన ఏజెంటు నరహరి రావు షరతులు విడమరిచి చెప్పాడు. “చూడండి రాజంగారూ, మీరు గానీ మీ ఇంట్లోవాళ్లు గానీ కూపన్ కోయొద్దు. చుట్టాలతోని కోయించొద్దు. కోయమని పేపర్ల రాయొద్దు. మొన్న ఒకాయన తన పేపర్ల కూపన్లు తనే కోసి పంపిండు. అకౌంటు బంద్. ఇగ జన్మల మా ప్రకటన దొరకదు.”

వెంకట్రాజం స్టేషన్‌లోకి చాయ్ తాగడానికి పోయినా ప్లాట్‌ఫారం టికెట్ కొనే మనిషి. షరతులన్నీ తు.చ. తప్పకుండా పాటించాలనుకున్నాడు. తీరా మొదటి పేజీ బిగిస్తుంటే భయం పట్టుకుంది. కట్టమ్మ చుట్టాలు జిల్లా అంతటా ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరు కోస్తే? పేజీ కింద కాస్త జాగా కనబడింది. ‘మా బంధుమిత్రులు నాలుగో పేజీలోని కూపన్ కోయరాదు’ అని పెద్దక్షరాల్లో పెట్టబోయాడు. పెట్టెలో ‘ధు’ విరిగిపోయి ఉంది. ‘మా బంధుమిత్రులు’ తీసేసి ‘ఎవరూ’ అని పెట్టాడు.

మర్నాడు పొద్దున హోటళ్లలో జనం వార్తలు వదిలేసి నేరుగా నాలుగో పేజీ తిప్పారు.

“ఏమున్నదే గండ్ల?”

“ఏమో. ఎవ్వలు కోయొద్దట.”

“గట్లనా? కత్తెర తే జర.”

ఎన్నడూ లేనిది పత్రిక మొత్తం అమ్ముడైపోయింది. కోయరాదన్న కూపన్లో ఏదో మతలబు ఉందని ఊరు నమ్మింది. తపాలా కవర్లకు కరువొచ్చింది. ఇదంతా పత్రిక మీద అభిమానమే అనుకుని వెంకట్రాజం కట్టమ్మ చేత సేమ్యా పాయసం వండించాడు.

ఆ పాయసం గిన్నెలోకి రాకముందే పత్తి వ్యాపారి వీరభద్రం గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో పేపరు, పేపరు మధ్యలో కన్నం.

“రాజం, ఇదేందయ్యా? మా నాయిన తలకాయను ఊరంతా కోసిండ్రు గద!”

వీరభద్రం తండ్రి సంవత్సరీకానికి ఇచ్చిన శ్రద్ధాంజలి ఫోటో మూడో పేజీలో సరిగ్గా కూపన్ వెనకే పడింది. ఏ పేపర్లో చూసినా పెద్దాయన తలపాగా మిగిలింది, కండువా మిగిలింది, మధ్యలో ముఖం లేదు.

“భోజనాలకొచ్చినోళ్లంత గీ కన్నంల నుంచి నన్నే చూసిండ్రు,” అన్నాడు వీరభద్రం.

“ఫికర్ చెయ్యకు సేటూ. మూడో పేజీ మల్ల కొట్టిస్త. ఎనుక ఏం లేకుంట, ఉత్త ఫోటోనే,” అని వెంకట్రాజం చేతులు పట్టుకున్నాడు.

అన్నట్టే మర్నాడు మధ్యాహ్నం దాకా మిషను తొక్కి, అలసిపోయి నడుం వాల్చాడు. కట్టమ్మ వచ్చి చూసింది. కాగితాలన్నీ వెనకవైపు తెల్లగా ఉన్నాయి. పరేషాన్‌లో ఆయన మరిచిపోయాడనుకుంది. నాలుగో పేజీ అచ్చు ఇంకా విప్పకుండా పక్కనే ఉంది. ఆమె చీర చెంగు దోపి, అన్నిటి వెనకా శుభ్రంగా నాలుగో పేజీ అచ్చేసి పెట్టింది. వీరభద్రం మనుషులు వచ్చి కట్టలు ఎత్తుకుపోయారు.

ఒక కట్ట పత్తి బండి మీద తొర్రూరు మార్కెట్‌కు కూడా చేరింది. అక్కడ కట్టమ్మ తమ్ముడు యాదగిరి కంట్లో పడింది. బావ నూనె కూపన్లు రాకపోతే మిల్లుకొస్తాడని తండ్రి చెప్పగా విన్నాడు. మిల్లులో బావ పక్కన కూర్చుని రోజంతా తప్పొప్పులు దిద్దించుకోవడం యాదగిరికి ఇష్టం లేదు. హమాలీలందరి చేతికీ కత్తెర్లిచ్చాడు. అన్నీ కోయించి, బియ్యం సంచిలో కుట్టించి, హైదరాబాద్‌కు పార్సిల్ చేశాడు.

వారం తిరక్కముందే నరహరి రావు ఆ సంచితోనే దిగాడు. దాని మీద ఎర్రరంగుతో మామగారి పేరూ, మిల్లు పేరూ స్పష్టంగా ఉన్నాయి.

“వీరెవరు రాజంగారూ?”

“మా మామ,” అన్నాడు వెంకట్రాజం. అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు. “కానీ సార్, నేనైతే కోయొద్దనే రాసిన. గీడ సూడుండ్రి.”

నరహరి రావు మొదటి పేజీలోని ఆ హెచ్చరికను రెండుసార్లు చదివాడు. “కోయొద్దని రాసుడంటే ఏందండీ? కోయమని చెప్పుడే. అకౌంటు బంద్.”

ఆయన రిక్షా ఎక్కుతుంటే యాదగిరి బస్సు దిగి నవ్వుతూ ఎదురొచ్చాడు. “బావా, సంచి అందిందా?”

వెంకట్రాజం లోపలికి పోయి అక్షరాలు పెట్టెల్లోంచి తీసి గోనెసంచుల్లో పోయడం మొదలుపెట్టాడు. కట్టమ్మ తప్పు తనదేనని ఏడ్చింది. “నీ తప్పేమున్నదే, తెల్లకాగితం కనబడితే అచ్చుకొట్టుడు మనింటి రోగం,” అన్నాడాయన.

మిషను బేరానికి మనిషి రావలసిన రోజున ఒక కారొచ్చి ఆగింది. దిగినాయన నూనె కంపెనీ యజమాని.

“కోయొద్దని రాసినాయన నువ్వేనా? మీ ఊళ్ల దుకాణాలల్ల మా సరుకు లేదయ్యా ఇగ, అంత అమ్ముడువోయి ఖతం! ఆ ఏజెంటును పక్కకు పెట్టిన. ఏడాది పొడుగునా నీకే ఇస్త, పైసలు ముందే. కాకపోతే ఈసారి జర గట్టిగ రాయాలె. ‘ఈ నూనె ఎవరూ కొనరాదు’ అని.”

“గట్ల బాగుంటదా సార్?”

“జనం సంగతి నాకు తెల్వదా? రాయి.”

వెంకట్రాజం చెప్పినది చెప్పినట్టే మొదటి పేజీలో నిలువెత్తు అక్షరాలతో వేశాడు. ఆ వారం వరంగల్‌లో, హనుమకొండలో ఒక్క సీసా కూడా అమ్ముడుపోలేదు. యజమాని తల పట్టుకున్నాడు గానీ, తన పత్రికలో రాసిన మాటను జనం పాటించడం అదే మొదటిసారి కావడంతో వెంకట్రాజం సంపాదకుడిగా చాలా తృప్తిపడ్డాడు.